నిరాకరింపబడిన వీసా, మరల పెట్టు దరఖాస్తు

 

విదేశయాత్ర యొకప్పుడు ఉన్నతవిద్యకై వెళ్లు ఏ కొలదిమందికో సంబంధించిన విషయము. నేడట్లు కాదు. కేంద్ర ప్రభుత్వపు కొలువులలో దేశమంతట చెదరియున్న తెలుగు కుటుంబములలో కుమారుడో, కుమార్తెయో, మేనల్లుడో సముద్రమునకు ఆవల స్థిరపడిన యిండ్లు అనేకములు. పండుగనాడు నలుగురు కూడినచోట పంటలను గూర్చియు, బదిలీలను గూర్చియు మాటలాడుకొన్నట్లే, కాన్సులేటును గూర్చియు, ఇంటర్వ్యూను గూర్చియు మాటలాడుకొనుట పరిపాటియైనది. ఇందులో నొక విచిత్రమున్నది. వీసా వచ్చినదను వార్త వీధియంతయు తిరుగును. రాలేదను వార్త ఇంటి గడప దాటదు. నిరాకరణను జనులు అవమానముగా దాచుకొందురు. దాచుకొన్నవారికి తెలిసినవారి సలహా అందదు. అందునది దళారి సలహా మాత్రమే. నష్టము ఎక్కువగా అచ్చటనే మొదలగుచున్నది.

ప్రభుత్వోద్యోగులకు ఈ విషయము తేలికగా బోధపడవలసినది. ఆడిట్ అభ్యంతరముతో వెనుకకు వచ్చిన బిల్లును ఏ గుమాస్తాయు శాపముగా భావింపడు. అభ్యంతరమేమో చదువును, దానికి సమాధానము వ్రాయును, కావలసిన రసీదు జతచేసి మరల పంపును. ఆ బిల్లునే, ఆ లోపముతోనే, తేదీ మాత్రము మార్చి మరల పంపినచో అది మరల తిరిగివచ్చును. ఇక అభ్యంతరమును తప్పించుకొనుటకు దొంగ రసీదు జతచేసినచో, పోవునది బిల్లు కాదు, ఉద్యోగము. వీసా నిరాకరింపబడిన పిమ్మట తిరిగి దరఖాస్తు చేయుటయందలి ధర్మము సరిగా ఇదియే. అమెరికా యాత్రకు, విశేషించి పిల్లలను చూచుటకు వెళ్లు తల్లిదండ్రుల యాత్రకు, ఈ ధర్మమెట్లు వర్తించునో విచారించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ముందు కొంత చరిత్ర. 1917వ సంవత్సరపు అమెరికా వలసచట్టము భారతదేశముతో సహా ఆసియాలో విశాలభాగమును నిషిద్ధమండలముగా ప్రకటించినది. విద్యార్థులకు, యాత్రికులకు కొన్ని మినహాయింపులున్నను, స్థిరనివాసమునకై పోగోరు భారతీయునికి తలుపు మూసియే యుండెను. 1946లో వచ్చిన చట్టము భారతీయులకు ఏటికి సుమారు 100 మంది చొప్పున కోటా నిర్ణయించినది. 1965 నాటి చట్టముతో దేశమును బట్టి కోటాలు నిర్ణయించు పాత పద్ధతి అంతరించినది. ఆనాటి నిరాకరణ జాతిని చూచి చేసినది. దానికి వ్యక్తి ఇచ్చుకొనదగిన సమాధానము లేదు. నేటి నిరాకరణ, చట్టము మాటలను బట్టి చూచినచో, వ్యక్తి పరిస్థితిని చూచి చేయునది. కనుకనే దానికి సమాధానమున్నది. కనుకనే రెండవ దరఖాస్తునకు అర్థమున్నది.

సందర్శకుల వీసాలు, విద్యార్థుల వీసాలు ఎక్కువగా నిరాకరింపబడునది 1952 నాటి వలస, జాతీయత చట్టమునందలి 214(బి) విభాగము క్రింద. దాని తాత్పర్యమిది: తాత్కాలిక వీసా కోరి వచ్చిన ప్రతి వ్యక్తియు అమెరికాలో స్థిరపడుటకే వచ్చుచున్నాడని అధికారి మొదట భావింపవలెను, అట్లు కాదని రుజువు చేయు బాధ్యత దరఖాస్తుదారునిదే. హెచ్-1బి, ఎల్ మొదలైన కొన్ని తరగతులకు మాత్రము ఈ నియమము వర్తింపదు. న్యాయస్థానములో నేరము రుజువగువరకు ముద్దాయి నిర్దోషి. వీసా కిటికీ యొద్ద ఆ క్రమము తలక్రిందులైనది. ఇది తెలియనివారు, తమను దొంగలుగా చూచిరని బాధపడుదురు. అది ఆ వ్యక్తిని గూర్చిన అభిప్రాయము కాదు, చట్టము అధికారిచే చేయించు ఊహ. తిరిగివచ్చుటకు తగిన బంధములు స్వదేశమునందున్నవని ఆ కొలది నిమిషములలో అధికారికి తోచలేదనియే దాని అర్థము.

దీనినుండి వేరుగా గుర్తింపవలసినది 221(జి) విభాగము. అధికారి ఏదియో కాగితము కావలెననియో, మరికొంత విచారణ జరుగవలెననియో చెప్పి ఈ విభాగము క్రింద చీటీ ఇచ్చినచో, లెక్క ప్రకారము అదియు నిరాకరణయే. కాని వ్యవహారము ముగియలేదు. అడిగిన పత్రములను ఏడాదిలోపల అందజేసినచో క్రొత్త రుసుము లేకయే ఆ దరఖాస్తును మరల చూతురు. ఏడాది దాటినచో క్రొత్త దరఖాస్తు, క్రొత్త రుసుము తప్పవు. 221(జి) చీటీని చూచి ఆశ వదలుకొని క్రొత్త దరఖాస్తు పెట్టువారు, 214(బి) చీటీని చూచి పత్రములు పంపుచు కూర్చుండువారు, ఇరువురును చీటీ చదువనివారే. కనుక మొదటి పని చీటీని శాంతముగా చదువుట.

రద్దు అను మాటయు పలు అర్థములు కలది. క్రొత్త వీసా ఇచ్చునపుడు పాత వీసాపై, హక్కులకు భంగము లేకుండ రద్దు అను ముద్ర వేయుట కలదు. అది దోషము కాదు, పాత కాగితమును మూసివేయుట మాత్రమే. 222(జి) విభాగము అట్టిది కాదు. అనుమతించిన గడువు దాటి అమెరికాలో నిలిచినవారి వీసా, ఎవరును ముద్ర వేయకున్నను, దానంతట అదే చెల్లనిదగును. ఇచ్చట పెద్దలు తరచుగా మోసపోవు విషయమొకటి కలదు. పాస్‌పోర్టుపై పదేండ్ల వీసా యున్నంత మాత్రమున పదేండ్లు నిలువవచ్చునని కాదు. విమానము దిగినపుడు అధికారి ఐ-94 అను నమోదులో వ్రాయు తేదీయే గడువు. సందర్శకులకది సాధారణముగా ఆరు నెలలు. గడువు మించి నూట ఎనుబది దినములకు పైన, ఏడాదికి లోపల అక్రమముగా నిలిచి వెడలిపోయినవారికి మూడేండ్లు, ఏడాదియో అంతకు మించియో నిలిచినవారికి పదేండ్లు ప్రవేశము నిషిద్ధము. అనారోగ్యము మొదలైన కారణముచే ఎక్కువకాలము ఉండవలసివచ్చినచో, గడువు తీరకముందే పొడిగింపునకు దరఖాస్తు చేయుట తప్పనిసరి.

విద్యార్థుల విషయమున తెలుగువారు మరువరాని ఘట్టములు రెండు గలవు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయముపై ప్రభుత్వ దాడి జరిగి అది మూతపడినది. అందు చేరినవారిలో నాటి ఆంధ్రప్రదేశమునుండి వెళ్లినవారు పెక్కురు. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ కడియములు తగిలించినపుడు భారత ప్రభుత్వము తన నిరసన తెలిపినది. ఆ సంస్థను స్థాపించిన స్త్రీకి 2014లో పదునారేండ్లకు మించిన కారాగారశిక్ష పడినది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము అను పేరుతో అమెరికా ప్రభుత్వమే పన్నిన వలలో చిక్కి అనేకమంది భారతీయ విద్యార్థులు నిర్బంధింపబడిరి. మరి 2025 ఏప్రిలులో, వేలకొలది విదేశ విద్యార్థుల నమోదులు ఆకస్మికముగా రద్దుకాగా, న్యాయస్థానములలో వ్యాజ్యములు పడిన పిమ్మట ఆ నెలాఖరున వానిని పునరుద్ధరించుటకు అచ్చటి ప్రభుత్వము అంగీకరించినది. మొదటి రెండింటిలో సంస్థను విచారింపక చేరుట వలన చిక్కు వచ్చినది. మూడవదానిలో తమ తప్పిదము లేనివారును చిక్కుకొనిరి. ఇరువురికిని తరువాతి దరఖాస్తులో చేయవలసినది ఒక్కటే: జరిగినది జరిగినట్లు తేదీలతో, పత్రములతో చెప్పుట.

ఇక తిరిగి దరఖాస్తు చేయుట. 214(బి) నిరాకరణపై అప్పీలు లేదు. కాన్సులర్ అధికారుల నిర్ణయములలో న్యాయస్థానములు సాధారణముగా జోక్యము చేసికొనవను సూత్రమును అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 2024 జూన్ 21న వెలువరించిన తీర్పులో మరల స్థిరపరచినది. అప్పీలు లేదు గాని, మరల దరఖాస్తు పెట్టుటకు అడ్డును లేదు. ఇన్ని నెలలు ఆగవలెనను నియమమును లేదు. క్రొత్త డి.ఎస్. 160 ఫారము, క్రొత్త రుసుము, క్రొత్త ఇంటర్వ్యూ కావలెను. సందర్శక వీసా రుసుము 2023 జూన్ 17న 160 డాలర్లనుండి 185 డాలర్లకు పెరిగినది. నిరాకరించినను అది తిరిగిరాదు. కనుక రేపే పెట్టవచ్చునా అనునది ప్రశ్న కాదు. నిన్నటికిని రేపటికిని ఏమి మారినదనునది ప్రశ్న. పరిస్థితి మారియుండవలెను, లేదా మొదట సరిగా చెప్పని సత్యము ఇప్పుడు సరిగా చెప్పబడవలెను. ఈ రెండింటిలో ఒకటియైనను లేనిచో రెండవ దరఖాస్తు మొదటిదానికి నకలు మాత్రమే.

ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. నాగపురములో ముప్పదియేండ్లు కేంద్రప్రభుత్వపు కొలువు చేసి విరమించిన గృహస్థు, ఆయన భార్య. కుమార్తె టెక్సాసులో; తొలిచూలు. తల్లి పురిటికి వెళ్లవలెనని ఆరాటము. ఫారము నింపినది ఒక ఏజెంటు. ఎక్కువ దినములు వ్రాసినచో వీసా రాదని అతడు ఇరువది దినములని వ్రాసినాడు. ఎంతకాలముందురని అధికారి అడుగగా గృహస్థు ఉన్నమాటయే చెప్పినాడు: "ఆరు నెలలుందుము." అల్లుడు ఏ కంపెనీలో పనిచేయునని అడుగగా దంపతులు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. చేతిసంచిలో పొలము పట్టా, డిపాజిట్ రసీదులు, ఫోటోలు శేరుల కొలది ఉన్నవి. అధికారి వానిలో నొకదానినైన అడుగలేదు. చీటీ చేతికి వచ్చినది. ఆ రాత్రి ఆమె పెట్టె విప్పి, శొంఠి, వాము, సున్నిపిండి, పురిటి కాయము మరల డబ్బాలలో పోసి మూతలు పెట్టినది. కుమార్తెకు ఫోను చేయుటకు ఇద్దరిలో ఎవరికిని నోరు రాలేదు.

తొందర సహజమే. వారు మరల ఆ ఏజెంటు యొద్దకే పోయి, ఆ ఫారమునే, పొరుగువాని సలహాపై బ్యాంకు ఖాతాలో అప్పుతెచ్చిన సొమ్ము వేసి, మరల పెట్టిరి. ఫలితము మారలేదు. పురుడు దాటిపోయినది. అప్పుడు దంపతులు, ఫోనులో కుమార్తె, కలసి కూర్చుండి మొదటిసారి ఫారమును తామే చదివిరి. ఇరువది దినములు అబద్ధము. ఆరు నెలలు అంతగా ఆలోచింపని మాట. నిజమునకు వారు ఉండదలచినది మూడు నెలలు. ఇంటిలో తొంబదియేండ్ల తల్లి యున్నది. అన్నగారు ఆమెను చూచుకొనుటకు ఒప్పుకొన్నది మూడు నెలలకే. ఆ తల్లి, ఆ యిల్లు, ప్రతినెలయు వచ్చు పింఛను, ఇవియే తిరిగివచ్చుటకు కారణములు. ఇన్నాళ్లును అవి ఉన్నవి. కాని ఎవరును వానిని చెప్పలేదు. మూడవ దరఖాస్తులో పాత నిరాకరణలు రెండును వ్రాసిరి. మునుపు ఇరువది దినములని ఏల వ్రాసితిరని అడిగినచో చెప్పవలసిన మాటయు సిద్ధమే: "వేరొకరు నింపిరి, మేము చదువక ఒప్పుకొంటిమి, నిజమిది." ఈ దరఖాస్తునకు వీసా వచ్చి తీరునని చెప్పుటకు వీలులేదు. మొదటి రెండింటిని చెడగొట్టిన లోపము మాత్రము దీనిలో లేదు.

ఈ ఉదాహరణమునుండి మూడు సంగతులు గ్రహింపదగినవి. మొదటిది, కాగితముల మోపుకంటె మాట ముఖ్యము. అడిగినదానికి సూటిగా, పొట్టిగా, నిజముగా చెప్పవలెను. హైదరాబాదు కాన్సులేటులో తెలుగున మాటలాడుటకు వీలున్నది. రాని ఆంగ్లముతో తడబడుటకంటె వచ్చిన తెలుగున స్పష్టముగా చెప్పుట మేలు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెసులో ఆ కాన్సులేటు ప్రారంభమగుటకు ముందు ఆంధ్రదేశీయులు చెన్నై పోవలసియుండెను. 2023 మార్చిలో అది నానక్‌రాంగూడకు మారినది. రెండవది, ఫారమును ఎవరు నింపినను బాధ్యత దరఖాస్తుదారునిదే. ఇతరులెవరైన సాయపడిరా అను ప్రశ్నయు ఆ ఫారములో కలదు. మూడవది, పరాయి సొమ్ముతో ఖాతా నింపుట స్వదేశబంధమును చూపదు; పింఛను పత్రము చూపును.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసిన మాట ఇంకొకటి యున్నది. ఇదివరకు వీసా నిరాకరింపబడినదా, ఎన్నడైన రద్దుచేయబడినదా అని డి.ఎస్. 160 ఫారము సూటిగా అడుగును. లేదని వ్రాయుడని చెప్పు దళారులు కలరు. నిరాకరించిన వారి యొద్దనే ఆ నిరాకరణ నమోదై యున్నదను చిన్న సంగతి వారు చెప్పరు. 214(బి) నిరాకరణ నేడు రాకున్న రేపు పోగలది. తెలిసి చెప్పిన ముఖ్యమైన అబద్ధమట్లు కాదు. దానివలన 212(ఎ)(6)(సి) విభాగము క్రింద కలుగు అనర్హత జీవితాంతముండును. తాత్కాలిక యాత్రకు మినహాయింపు కోరు మార్గమున్నను, అది దీర్ఘమైనది, అధికారుల విచక్షణకు లోబడినది. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట ఇదియే. దళారుల మాటకు విలువ యెంతో చూపు సంఘటన యొకటి 2025 మార్చిలో జరిగినది. భారతదేశమందలి అమెరికా రాయబార కార్యాలయము, యాంత్రిక పద్ధతుల ద్వారా అక్రమముగా తీసికొన్న సుమారు 2,000 వీసా అపాయింట్‌మెంట్లను రద్దుచేసినట్లు ప్రకటించినది. తొందరగా తేదీ దొరకునని సొమ్ము పోసినవారికి చివరకు తేదీయే లేకపోయినది.

ఇతర దేశముల పద్ధతి కొంత వేరు. ఐరోపాలోని షెంగెన్ దేశములు 2009 నాటి వీసా నియమావళి ప్రకారము నిరాకరణకు కారణమును ముద్రిత పత్రముపై గుర్తించి ఇయ్యవలెను. దానిపై అప్పీలు హక్కు కలదు. మునుపటి నిరాకరణ యున్నంతనే క్రొత్త దరఖాస్తును దానంతట అదిగా త్రోసివేయరాదని ఆ నియమావళియే చెప్పుచున్నది. బ్రిటనులో బంధుసందర్శకులకుండిన అప్పీలు హక్కు 2013 జూన్ 25న తొలగింపబడినది. కాని కారణములతో లేఖ ఇత్తురు, దానికి సమాధానముగా క్రొత్త దరఖాస్తు పెట్టుకొనవచ్చును. కెనడాలో, దేశము వెలుపల జరిగిన నిర్ణయముపై 60 దినములలోపల ఫెడరల్ కోర్టు అనుమతి కోరవచ్చును. అచ్చట తప్పుడు సమాచారమిచ్చినవారికి 2014 నవంబరునుండి ఐదేండ్ల నిషేధము. పద్ధతులు వేరైనను సారమొక్కటే: కారణమును చదివి సమాధానమిచ్చినవానికి మార్గమున్నది, మోసగించినవానికి అది మూసికొనును.

ప్రస్తుతము ఉద్యోగమందున్నవారికి ఒక అదనపు జాగ్రత్త. స్వంతపనిపై విదేశమునకు వెళ్లు కేంద్రోద్యోగి తన శాఖ అనుమతిని ముందుగా పొందవలెను. ఆ అనుమతి పత్రము, మంజూరైన సెలవు కాలము, ఫారములో వ్రాసిన యాత్రాకాలము ఒకదానితోనొకటి సరిపోవలెను. అవి సరిపోయినచో తిరిగివచ్చి కొలువులో చేరునని చూపుటకు ఇంతకంటె మంచి సాక్ష్యముండదు. హోదాను చూచి వీసా ఇత్తురనుకొనుట మాత్రము భ్రమ. ఆ కిటికీ యొద్ద అధికారియు, గుమాస్తాయు సమానమే.

ఇట్టి సంఘములు ఈ విషయమున చేయదగిన ఉపకారము పెద్దది. వీసా వచ్చినవారిని అభినందించుట సులభము. రానివారి చీటీని ఆదరముతో చదివి, అది ఏ విభాగము క్రింద ఇచ్చినదో చెప్పి, ఫారములోని తప్పును వ్రేలితో చూపగల అనుభవజ్ఞులు ప్రతి సంఘమునను ఇద్దరు ముగ్గురుందురు. వారి కాలము ఒక గంట పోయినచో ఒక కుటుంబము దళారి బారినుండి తప్పును. అందులకు మొదట కావలసినది నిరాకరణను సిగ్గుచేటుగా చూడని వాతావరణము. "ఏమి, రాలేదటగదా" అను మాట మాని, "చీటీలో ఏమి వ్రాసిరి?" అని అడుగు అలవాటు చేసికొనవలెను.

అన్నియు సరిగా చేసినను వీసా రాకపోవుట కలదు. అధికారి విచక్షణయందు అన్యాయము జరుగదని ఎవరును పూచీ పడలేరు. అట్టివేళ కొంతకాలము ఆగుట, పరిస్థితులు మారనిచ్చుట, వీలైనచో బిడ్డలే స్వదేశమునకు వచ్చుట ఉత్తమము. మనుమరాలి తొలిపలుకు ఫోనులో వినుట తాతకు వెలితియే. ఆ వెలితిని ఏ నియమావళియు తీర్పదు. అయినను నిజము చెప్పి నిరాకరణ పొందినవాడు మరునాడు మరల అదే కిటికీ ముందు తలయెత్తి నిలువగలడు. చెప్పిన మాట మార్చుకొనవలసిన పని అతనికి లేదు. ముప్పదియేండ్లు ఒక్క తప్పుడు బిల్లుపై సంతకము పెట్టక విరమించిన ఉద్యోగికి ఈ మాట క్రొత్తగా చెప్పనక్కరలేదు. కొలువులో కాపాడుకొన్న ఆ సంతకమునే ఈ ఫారముపైనను కాపాడుకొన్నచో చాలును.